సోమవారం ఫోన్

సోమవారం పొద్దున చిన్నవాడు ఫోన్ అందుకోగానే, పెద్దవాడి చేతిలో ఇస్త్రీపెట్టె ఆగిపోయింది.

ఇవాళైనా ఆ తల్లి చెప్పేస్తే బాగుండు.

"అమ్మా, బాగున్నావా? తిన్నావా? నాన్నేడీ?"

ఆమె గొంతు గదంతా వినిపిస్తోంది. "పక్కనే పడుకున్నాడురా. మందుల మత్తు. లేపమంటావా?"

"వద్దులే, పడుకోనీ."

పెద్దవాడు మళ్ళీ ఇస్త్రీ మొదలుపెట్టాడు. కాలర్ మీద అడ్డంగా మడత పడింది.

ఇద్దరూ మార్మన్ అనే క్రైస్తవ సంఘం ప్రచారకులు. తెల్లచొక్కా, టై, జేబు మీద నల్లటి పేరుబిళ్ళ. ఇంటింటికీ తిరిగి దేవుడి మాట చెప్పాలి. ముందొచ్చినవాడు పెద్దవాడు, వెనకొచ్చినవాడు చిన్నవాడు. అంతే తప్ప ఇద్దరికీ ఇంకా మీసాలు సరిగ్గా రాలేదు. ఇంటికి ఫోన్ వారానికోసారి, సెలవు రోజైన సోమవారం. ఇంకో కట్టుబాటు ఉంది. జంట విడిపోకూడదు. తిండి, తిరుగుడు, నిద్ర అన్నీ ఒక్కచోటే. ఇద్దరికీ మధ్య అడ్డం ఏదైనా ఉందంటే అది స్నానాల గది తలుపొక్కటే.

చిన్నవాడు ఈ పేటకు కొత్త. వచ్చిన రోజున పెట్టె దించీ దించకముందే ఇంటి కబుర్లు మొదలుపెట్టాడు.

"మా నాన్న గురక వినాలి నువ్వు, అన్నా! ఇంట్లో ఏం మిషను పెట్టారండీ అని పక్కింటాయన వచ్చి అడిగాడోసారి. మంచం పట్టాడు గానీ అది మాత్రం తగ్గలేదు. ఫోన్ చేస్తే అమ్మ మాట కన్నా ముందు అదే పలకరిస్తుంది."

పెద్దవాడు పడీపడీ నవ్వాడు. వాడు స్నానానికి వెళ్ళగానే సంఘం పెద్దాయన ఫోన్ చేశాడు.

"ఆ అబ్బాయి తండ్రి పొద్దున పోయాడు. వాడు పని మధ్యలో వదిలేసి రాకూడదన్నది ఆయన ఆఖరి మాటట. తల్లి తన నోటితోనే చెప్పుకుంటానంది. సోమవారం చెబుతుంది. నువ్వు పక్కనుండి పట్టుకో, నాయనా."

తలుపవతల చెంబుతో నీళ్ళు పోసుకుంటూ వాడు కూనిరాగం తీస్తున్నాడు.

పట్టుకోవడానికి పెద్దవాడు సిద్ధంగానే ఉన్నాడు. ఆ తల్లికే నోరు రావడం లేదు. ఒక సోమవారం పోయింది. ఇంకోటీ పోయింది. తరవాత అతను లెక్క వదిలేశాడు.

రోజూ పొద్దున్నే మంచాల మధ్య ఇద్దరూ మోకరిల్లేవారు. "అమ్మకు ధైర్యమివ్వు తండ్రీ" అనేవాడు చిన్నవాడు. పెద్దవాడు ఆమెన్ అనకుండానే లేచి దుప్పట్లు మడతపెట్టేవాడు.

వీధిలో తలుపులు వీళ్ళను చూడగానే మూసుకునేవి. "అమ్మోయ్, తెల్లచొక్కాలొచ్చాయి!" అని లోపల ఎవరో కేకేసేవారు. తెరిచి ఉంచింది కుట్టుమిషను పెట్టుకున్న ఒకావిడే. మొగుడు పోయి ఎక్కువ కాలం కాలేదు. టీ ఇవ్వబోతే వద్దన్నారు.

"టీ కూడా తాగనివ్వడా మీ దేవుడు? మా ఆయనే నయం, నా చేత్తో పెట్టింది ఎలా ఉన్నా తాగేవాడు" అంటూ మంచినీళ్ళు తెచ్చింది.

వచ్చిన పని పెద్దవాడు మొదలుపెట్టాడు. ఆమె వింటూ వింటూ మధ్యలో అడిగింది. "పోయినవాళ్ళను నిజంగా కలుస్తామా బాబూ?"

రోజూ అప్పజెప్పే పాఠమే అది. పక్కన చిన్నవాడు కూర్చుని ఉంటే అతనికి ఒక్క ముక్క గుర్తు రాలేదు.

చిన్నవాడే అందుకున్నాడు. "కలుస్తాం పిన్నిగారూ. కుటుంబం తెగిపోయేది కాదు." గ్లాసు చేతిలో అటూ ఇటూ తిప్పాడు. "అందాకా ఇంట్లో చప్పుడుండదు. అదే కష్టం."

ఆమె కాలు మిషను మీద ఆగిపోయింది.

"నీకెవరు చెప్పారు బాబూ ఆ సంగతి? ఆయన పోయాక, గుడ్డ పెట్టకుండా ఊరికే మిషను తొక్కుతూ కూర్చునేదాన్ని నేను."

వాడు తల వంచుకుని గ్లాసులో నీళ్ళు తాగాడు.

తిరుగుదారంతా పెద్దవాడికి అదే ఆలోచన. తన నెత్తిన ఏం పడిందో తెలియని పిల్లాడు ఊళ్ళోవాళ్ళ కన్నీళ్ళు తుడుస్తున్నాడు. తెలిసిన తను దొంగలా పక్కన నడుస్తున్నాడు. రేపెప్పుడో తెలిస్తే, ఇన్నాళ్ళూ పక్క మంచం మీద పడుకుని కూడా చెప్పలేదేం అన్నా అని వాడు అడిగితే, ఏ మొహం పెట్టుకుని జవాబు చెప్పాలి? ఈసారి వాడి తల్లి చెప్పకపోతే తనే చెప్పేయాలనుకున్నాడు.

మళ్ళీ సోమవారం వచ్చింది.

"నాన్నేడీ అమ్మా?"

"పడుకున్నాడురా" అంది.

"సరే. చలిగా ఉంది, దుప్పటి నిండా కప్పు. నువ్వు కూడా కాస్త నడుం వాల్చు."

ఫోన్ పెట్టేశాడు. పెద్దవాడు ఇస్త్రీపెట్టె చేతిలో పట్టుకునే వాడి ఎదురుగా వచ్చి నిలబడ్డాడు.

"తమ్ముడూ, కూర్చో. ఒక మాట చెప్పాలి. చాలా రోజుల కిందటే చెప్పాల్సింది. మీ నాన్న..."

టపటపా కన్నీళ్ళు ఇస్త్రీపెట్టె మీద పడి చుయ్యిమన్నాయి.

చిన్నవాడు లేచి ఆ పెట్టె అతని చేతిలోంచి మెల్లిగా తీసి పక్కన పెట్టాడు. భుజం చుట్టూ చెయ్యి వేసి మంచం మీద కూర్చోబెట్టాడు.

"మొదటి సోమవారమే ఫోన్‌లో గురక వినిపించలేదన్నా. నాకు తెలిసిపోయిందని అమ్మకి మాత్రం చెప్పకు."