చిన్నది ఎవరి చుట్టూ?

“ఇద్దరూ అచ్చుగుద్దినట్టు ఒకేలా ఉన్నారు పిన్నీ! మా చిన్నది ఎవరి చుట్టూ తిరుగుతోందో తెలిసి చావట్లేదు,” అంటూ పరిశోధకురాలు క్యాంటీన్ బల్లమీద తల వాల్చేసింది.

ఉదయం పదకొండు గంటలు. ఖగోళ కేంద్రంలో మిగతావాళ్ళంతా సమావేశంలో ఉన్నారు. పిన్ని టీ వడకడుతోంది. ఐదేళ్ళుగా అక్కడ టీ పోస్తున్న మనిషి. శాస్త్రజ్ఞుల మాటలు వినీ వినీ ఆమెకీ నాలుగు ముక్కలు ఒంటబట్టాయని అందరి నమ్మకం.

సంగతేమిటంటే, ఆకాశంలో ఓ జంట నక్షత్రాలున్నాయి. రెండూ మన సూర్యుడిలాంటివే. వాటిలో ఒకదాని చుట్టూ ఓ గ్రహం తిరుగుతోంది. పదకొండు రోజులకోసారి అది తన నక్షత్రానికి అడ్డొస్తుంది, అప్పుడు వెలుగు రవ్వంత తగ్గుతుంది. చిక్కల్లా ఒక్కటే. చిన్న టెలిస్కోపులో రెండు నక్షత్రాలూ అతుక్కుపోయి ఒకే చుక్కలా కనిపిస్తాయి, తగ్గింది ఎవరి వెలుగో తెలియదు. పరిశోధకురాలి జట్టు ఆ నక్షత్రాలకి పెద్దోడు, చిన్నోడు అని, గ్రహానికి చిన్నది అని ముద్దుపేర్లు పెట్టుకుంది. పొద్దస్తమానం ఆ పేర్లతోనే పోట్లాడుకుంటుంది.

“పెద్దవాళ్ళకి చెప్పారా?” పిన్ని గొంతు తగ్గించింది.

“పెద్దాయనకి చెప్పాను,” అంది పరిశోధకురాలు తన పై అధికారిని తలుచుకుంటూ. “ఎవరిదో నెలాఖరుకి తేల్చకపోతే ఈ వ్యవహారం వదిలేయమన్నారు. మూడేళ్ళుగా కళ్ళల్లో పెట్టుకుని చూసుకున్నాను పిన్నీ దాన్ని! పైగా బయటివాళ్ళు కూడా కన్నేశారు.”

“అయ్యయ్యో! మరి ఇలా చేతులు ముడుచుకుని కూర్చుంటే ఎలా?” పిన్ని గ్లాసు ముందుపెట్టి ఎదురుగా కూర్చుంది. “మీరేమనుకుంటున్నారు?”

“అందరూ పెద్దోడే అంటున్నారు. వాడు కాస్త ఎక్కువ వెలిగిపోతుంటాడుగా.”

“వెలిగిపోయేవాళ్ళని చూసి మోసపోకూడదు,” పిన్ని తీర్పు చెప్పేసింది. “ఇంతకీ ఎలా కనిపెడుతున్నారు?”

“ఇద్దరినీ కలిపే చూస్తున్నాం. ఇరవై రాత్రులు కాపలా కాస్తామని అడిగాం. కుదరదన్నారు.”

“ఇరవై రాత్రులా! ఎవరొప్పుకుంటారు తల్లీ?” పిన్ని నుదురు కొట్టుకుంది. “ఇద్దర్నీ కలిపి చూస్తే ఏం తెలుస్తుంది? విడదీసి ఒక్కొక్కణ్ణీ చూడండి. చిన్నది వచ్చే వేళ తెలుసా?”

“నిమిషంతో సహా తెలుసు.”

“అయితే ఆ కాసేపు చాలు. అది అడ్డొచ్చినప్పుడు ఎవడి మొహంలో కళ మారుతుందో వాడే. సంబంధం లేనివాడు ఎప్పట్లాగే వెలుగుతుంటాడు.”

పరిశోధకురాలి చేతిలో గ్లాసు చేతిలోనే ఉండిపోయింది. నెలల తరబడి జట్టంతా కలిసిన వెలుగుమీదే లెక్కలు కట్టింది. ఆ రెండింటినీ విడివిడిగా చూడగల పెద్ద టెలిస్కోపుని ఏకంగా ఇరవై రాత్రులు అడిగి లేదనిపించుకుంది. గ్రహం అడ్డొచ్చే వేళకి అటూ ఇటూ కాస్త కలిపి నాలుగు గంటలు మాత్రమే అడిగితే ఎవరు కాదంటారు? చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టయింది.

“పిన్నీ, నువ్వు టీ దగ్గర ఉండాల్సినదానివి కాదు!”

“ఇలాంటివి ఎన్ని చూశాననీ,” అంది పిన్ని నిబ్బరంగా.

నాలుగు గంటలు అడిగారు. ఇచ్చారు. సముద్రాల అవతలి టెలిస్కోపు పంపుతున్న వెలుగు లెక్క, ఇక్కడ పట్టపగలు తెరమీద రెండు గీతలుగా సాగింది. పెద్దోడి గీత బల్లపరుపుగా పోయింది. చిన్నోడి గీత మాత్రం చెప్పిన నిమిషానికి నూటికో వంతు కిందికి దిగి, మూడు గంటలు అక్కడే ఉండి, బుద్ధిగా పైకొచ్చింది. గది ఈలలతో దద్దరిల్లింది. పెద్దాయన కూడా లేచి చప్పట్లు కొట్టారు. పరిశోధకురాలు సంతోషం పట్టలేక ఏడ్చేసింది.

ఆ పూటే మొదలెట్టిన పరిశోధన వ్యాసం చివర కృతజ్ఞతల్లో ఆమె ఓ వాక్యం చేర్చింది: “ఒక్కొక్కరినీ విడదీసి చూడమన్న మా క్యాంటీన్ పిన్నికి.” ఆ కాగితం పట్టుకుని వంటగదిలోకి పరిగెత్తింది.

“పిన్నీ, నువ్వన్నట్టే చేశాం! పెద్దోడు కాదు, చిన్నోడే! పెద్దాయన కూడా ఒప్పేసుకున్నారు!”

పిన్ని పొయ్యి కట్టేసింది. తడిచేతులు తుడుచుకుని, చెమ్మగిల్లిన కళ్ళతో ఆమె బుగ్గలు నిమిరింది.

“అయితే చిన్నదాని పెళ్ళెప్పుడమ్మా?”