బంటుకు చేతులొచ్చాయి

“నలభై కిలోలు! కేకు నలభై కిలోలని కొట్టు!” అంటూ గాభరా కుర్చీలో గిర్రున ఒక చుట్టు తిరిగాడు.

“కిలో చాలు,” అంది పంతులమ్మ. అదే కొట్టింది.

“ఉత్తుత్తి కేకు దగ్గర కూడా పిసినారితనమా?”

ఆఫీసులో అతన్ని అందరూ గాభరా అనే పిలుస్తారు. పిలిచేవాళ్ళ తప్పేం లేదు, లిఫ్టు ఆలస్యమైనా అతనికి చెమటలు పడతాయి. పక్క కుర్చీలో అమ్మాయి ఎవరి ప్రోగ్రాములోనైనా తప్పు పట్టనిదే వదలదు కాబట్టి పంతులమ్మ అయింది. ఇద్దరూ కలిసి తయారుచేస్తున్న ఏఐ పేరు బంటు. గలగలా మాట్లాడుతుంది గాని దానికి చేతుల్లేవు. ట్యాక్సీ కంపెనీకి, సినిమాహాలుకు, కేకుల దుకాణానికి వెబ్‌లో ఏపీఐలు, అంటే ప్రోగ్రాములు నేరుగా ఆర్డరు పెట్టే దారులు, ఎప్పటినుంచో ఉన్నాయి. వాటిని బంటుకు టూల్స్‌గా తగిలిస్తే, చెప్పిన పని నిజంగానే చేసిపెడుతుంది. ఆ తగిలించడమే వీళ్ళ ఉద్యోగం.

తగిలించేదాకా పరీక్షల కోసం గాభరా నకలు టూల్స్ రాసిపెట్టాడు. వాటికి బయటి ప్రపంచంతో సంబంధం లేదు. ఏ పని చెప్పినా “అయింది” అంటాయి. ఎవరికి మెసేజ్ పంపమన్నా, అవతలి మనిషి “సరే” అని జవాబిచ్చినట్టు చూపిస్తాయి. అసలు టూల్స్ ఈ సాయంత్రంలోగా తగిలించాలి. రేపటినుంచి పంతులమ్మ పై అంతస్తులో వేరే జట్టుకు వెళ్ళిపోతోంది.

గాభరా గుండెల్లో రాయి పడింది అక్కడే. పెళ్ళి చేసుకుంటావా అని ఆమెను అడగాలని ఎన్నాళ్ళుగానో అనుకుంటున్నాడు. నోరు తెరిచిన ప్రతిసారీ “కాఫీ తాగుదామా?” అనే బయటికొచ్చేది. తాగీ తాగీ ఆమెకు కాఫీ అంటేనే మొహం మొత్తింది. ఈరోజు కూడా దాటిపోతే ఇక లిఫ్టులో పలకరింపులే మిగులుతాయి.

“కిలో కేకు ఆర్డరు అయింది,” అని తెరమీద బంటు రాసింది.

“చూశావా, ఎంత బుద్ధిమంతుడో! ఇప్పుడు సినిమా. ఈ సాయంత్రం ఆటకు హాలు మొత్తం బుక్ చెయ్యమను!”

“రెండు టికెట్లు.”

“రెండే? ఎవరికి?”

“ఎవరికో ఒకరికి. నీకు ప్రతిదీ కావాలి!”

రెండు టికెట్లు అయ్యాయి. తర్వాత గాభరా పది బస్సులు అడిగాడు. పంతులమ్మ ఒక్క ట్యాక్సీతో సరిపెట్టింది. అదీ అయింది.

నిన్నటిదాకా బంటు ఇంత చెప్పినమాట వినేది కాదు. ఏ టూల్ ఎప్పుడు వాడాలో పక్కన వివరంగా రాయాల్సిన చోట గాభరా “అవసరమైనప్పుడు వాడు” అని రాసి చేతులు దులుపుకున్నాడు. దాంతో “బయట చల్లగా ఉందా?” అని అడిగితే అది ఐస్‌క్రీం ఆర్డరు పెట్టింది. పంతులమ్మ తిట్టుకుంటూ అన్నీ తిరగరాశాకే దారిలోకొచ్చింది.

“ఇక మెసేజ్ టూల్! మేనేజరుకు పెడదాం. ‘మీ జోకులకు మేం జీతం కోసమే నవ్వుతున్నాం’ అని.”

పంతులమ్మ చటుక్కున కీబోర్డు లాక్కుంది. “చంపుతాను!”

“నకలే కదా తల్లీ! ‘సరే’ అంటాడంతే.”

“ఆయన జోలికి వెళ్ళకు పాపం.”

“మరి ఎవరికి పెట్టను?”

“నాకు పెట్టు,” అంటూ ఆమె కీబోర్డు అతని ముందుకు తోసింది. “నీ ఇష్టమొచ్చింది పెట్టు.”

గాభరా వేళ్ళు గాల్లోనే ఆగిపోయాయి. ఉత్తుత్తిదే. ఎక్కడికీ వెళ్ళదు. ఆమె పకపకా నవ్వితే తనూ నవ్వేసి తప్పించుకోవచ్చు. ఆ ఊహతో అతనికి ఎక్కడలేని ధైర్యం ముంచుకొచ్చింది. చెవులు ఎర్రబడుతుండగా టకటకా కొట్టాడు. “బంటూ, పంతులమ్మకు మెసేజ్ పంపు. నన్ను పెళ్ళి చేసుకుంటావా? కాఫీ కాదు, ఇదే అడుగుదామనుకున్నాను. ఇన్నాళ్ళూ.”

మీట నొక్కేసి కళ్ళు గట్టిగా మూసుకున్నాడు.

అప్పుడే తలుపు తోసుకుని మేనేజరు తల లోపలికొచ్చింది. “ఏంటయ్యా, మీ గోల వరండాదాకా వినిపిస్తోంది? బంటుకు చేతులొచ్చాయా, లేక మీకు తీట పుట్టిందా?” అని తన జోకుకు తనే విరగబడి నవ్వాడు.

గాభరా లేచి నిలబడి బలవంతాన నవ్వాడు. “సాయంత్రానికల్లా అయిపోతుందండీ!”

పంతులమ్మ మాత్రం తల ఎత్తలేదు. ఒళ్ళో ఫోను పెట్టుకుని ఏదో చూసుకుంటోంది. తన జోకు పండలేదని మేనేజరు మూతి ముడుచుకుని వెళ్ళిపోయాడు.

గాభరా తెరవైపు తిరిగాడు.

“మెసేజ్ చేరింది. పంతులమ్మ జవాబు: సరే.”

ఒక్క గంతు వేశాడు. కుర్చీ వెనక్కి జారి గోడకు గుద్దుకుంది. రెండో గంతు వేయబోయి ఆగి, ఉస్సురని బల్లమీద కూలబడ్డాడు.

“నాకసలు బుద్ధుందా? రాసింది నేనే, గంతులేసేదీ నేనే! ఈ బల్లను పెళ్ళి చేసుకుంటావా అని పంపినా ‘సరే’ అనే వస్తుంది,” అన్నాడు. “కానీ నేనడిగింది ఉత్తుత్తిగా కాదు. నువ్వు పైకెళ్ళిపోతున్నావంటే నాకు పొద్దున్నుంచీ అన్నం సయించలేదు. ఈ ఒక్క జవాబు నిజమైతే ఎంత బాగుండేదో!”

పంతులమ్మ ఫోను బ్యాగులో వేసుకుని, కిటికీలోంచి కింద వీధిలోకి ఒకసారి తొంగిచూసి, అతని వైపు తిరిగింది.

“నకలు టూల్స్ పొద్దున్నే తీసేసి అసలువి తగిలించాను.”