తెల్లవారకముందు పుట్టినవాళ్లు

"మా పిల్లకు కుజదోషం ఏడికెల్లి వచ్చిందమ్మా?"

చండ్రుగొండ రైతు బసవపున్నయ్య కాగితాన్ని బల్ల మీద పరిచాడు. నాలుగు మూలలా పసుపు రాసిన ఆ జాతకం, మొన్న నిర్మలాదేవి తన కంప్యూటర్ మీద వేసి ఇచ్చిందే.

"గుడికాడ పంతులు లెక్కగట్టి దోషమే లేదన్నడు. మగపెల్లోళ్లు ఇంటలేరు. కంప్యూటర్ అబద్ధమాడతదా అంటున్నరు. రేపు వేరే పిల్లను చూడబోతరట. ఇంకో కాగితం ఇయ్యి తల్లీ, నీ కాల్మొక్త."

వాళ్లను అని ఏం లాభం? తొంభై ఎనిమిదిలో భద్రాచలం జనమంతా అదే వరస. పంతులు గొంతు చించుకున్నా వినరు. ప్రింటరు కరకరమని కక్కిన కాగితాన్ని మాత్రం కళ్లకద్దుకుంటారు. అంతెందుకు, నిర్మల తండ్రి వెంకటనారాయణ శుక్రవారం శుక్రవారం మానిటరుకు బొట్టు పెట్టి కొబ్బరికాయ కొడతాడు. ఆ ఇంట్లో దాని మాటకు ఎదురులేదు.

తెల్లవారుజామున పుట్టిన ఆ పిల్ల వివరాలు నిర్మల మళ్లీ కొట్టింది. మళ్లీ దోషమే. మనసు కీడు శంకించి, ఆ జాతకాల ప్రోగ్రాం అమ్మిన హైదరాబాదు కంపెనీకి ఫోన్ చేసింది.

"ఏ వెర్షన్ మేడం?" అన్నాడు అవతలి మనిషి.

చెప్పింది.

"అయ్యో, అది పాతది. దానికి సపోర్ట్ ఎప్పుడో ఆపేశాం. అందులో ఒక తప్పుంది. అర్ధరాత్రి దాటాక, తెల్లవారకముందు పుట్టినవాళ్లకు లగ్నం తప్పు పడుతుంది. లేని కుజదోషం చూపిస్తుంది. కొత్తదాంట్లో సరిచేశాం."

"అయితే కొత్తది పంపండి."

"మీ కంప్యూటర్‌లో అది ఎక్కదు మేడం."

"మరి ఇన్నాళ్లూ ఇచ్చిన జాతకాలు?"

"వాటికి మేమేం చేస్తాం?" ఫోన్ పెట్టేశాడు.

నిర్మల విన్నదంతా బసవపున్నయ్యకు చెప్పింది. తెల్లకాగితం తీసి, పిల్లకు ఏ దోషమూ లేదని చేత్తో రాసి, సంతకం పెట్టి అందించింది.

ఆయన దాన్ని ముట్టుకోలేదు.

"చేతిరాత ఎవరు నమ్ముతరమ్మా? పంతులు రాసిందే నమ్మలే. మా పిల్ల అన్నం ముడతలేదు. మీ ఇంట్ల గిట్ల జరిగితే తెలిసేది మీకు."

ఆయన తువ్వాలు దులిపి భుజాన వేసుకుని మెట్లు దిగి వెళ్లిపోయాడు.

మూలన కుర్చీలో కూర్చుని వెంకటనారాయణ అంతా విన్నాడు. లేచి వచ్చి, కూతురి మొహం చూడకుండా, మానిటరు మీది బొట్టును పంచె చెంగుతో తుడవసాగాడు.

పదేళ్ల కిందట ఆ కంప్యూటర్ కొన్న రోజున, సరిగ్గా పనిచేస్తుందో లేదో చూద్దామని ఆయన మొట్టమొదట వేయించింది కోడి కూయకముందే పుట్టిన నిర్మల జాతకం. ఆ తర్వాత ఆమెను అడగవచ్చిన ప్రతి పెళ్లివారికీ ఆ కాగితమే చూపించి, వాళ్లను తానే వెనక్కి పంపాడు.