మనిషినని రుజువు

అన్యాయం జరిగింది ఎవరికి? అక్కకు. చేసింది ఎవరు? కంటి ఆసుపత్రి వెబ్‌సైటు. అపాయింట్‌మెంటు కావాలంటే తొమ్మిది బొమ్మల్లో సైకిళ్లున్నవి గుర్తుపట్టి, తాను మనిషినేనని రుజువు చేసుకోమంది. అక్కకు చూపు పోయి రెండు నెలలైంది.

పుట్టుకతోనే చూపులేని చెల్లెలు ఆమెను వెంటబెట్టుకుని, కర్ర తట్టుకుంటూ, ఆ వెబ్‌సైటు ఇంజనీరు గదిలోకే వెళ్లి కూర్చుంది.

“చూపున్నవాళ్లెవరైనా ఆ బొమ్మలు నొక్కి పెడతారు కదమ్మా!” అన్నాడతను.

“చూపున్నవాళ్లకు కంటి ఆసుపత్రితో ఏం పని నాయనా?” అంది చెల్లెలు.

“ఆ బొమ్మలు తీసేస్తే దొంగ ప్రోగ్రాములు చొరబడతాయి. ఈసారికి నేను నొక్కేస్తాలెండి.”

అక్క చెల్లెలి కొంగు లాగింది. “పోనీలేవే, నొక్కుతానంటున్నాడుగా.”

“నువ్వూరుకో అక్కా! పదేళ్లు నా పాఠాలన్నీ చదివి వినిపించినదానివి, నువ్వు మనిషివని వీళ్లకు రుజువు చూపాలా?” చెల్లెలు ఇంజనీరు వైపు తిరిగింది. “బొమ్మలకు బదులు ఫోనుకు ఓటీపీ నంబరు పంపు. మా ఫోన్లు చదివి వినిపిస్తాయి. అయ్యేదాకా ఈ కుర్చీ వదలను.”



“ఈ పేజీకి వచ్చేది ఎవరో నేనెప్పుడూ ఆలోచించలేదమ్మా,” అన్నాడతను మెల్లగా. కీబోర్డు చప్పుడు మొదలైంది.

గంట తరువాత అక్క ఫోను ఆరంకెలు పైకి చదివింది. ఆమె తడుముకుంటూ, రెండుసార్లు తప్పి, తానే కొట్టింది.

“గురువారం పదకొండింటికటే! నేనే తీసుకున్నానే!”

చెల్లెలు అప్పుడు కుర్చీ వదిలింది.

“పదేళ్ల పాఠాల బాకీ తీరిందక్కా. ఇక పద.”