వెనక్కి వచ్చిన రొయ్యలు

గంగరాజు కాలి పుండుకు ఎనిమిది మందులు పరీక్షిస్తే, ఒక్కటే పనిచేస్తుందని ల్యాబ్ రిపోర్టులో తేలింది.

“మిగతావాటికి క్రిములు అలవాటు పడిపోయాయండి. ఇదీ పనిచేయకపోతే పాదం తీసెయ్యాలి,” అంది డాక్టర్ దుర్గాశ్రీ. “ఇన్ని యాంటీబయాటిక్స్ ఎందుకు మింగారు?”

“నేను మింగలేదండి. రొయ్యల మేతలో కలిపేవాణ్ణి. పుండుతోనే చెరువులో దిగేవాణ్ణి.”

“మందు కలిపిన రొయ్యల్ని ఎగుమతి కంపెనీవాళ్లు ఎలా కొన్నారండి?”

“కొనలేదండి. టెస్టులో మందు బయటపడిందని లోడంతా వెనక్కి పంపేశారు.”

దుర్గాశ్రీ నిట్టూర్చింది. “విదేశాలవాళ్లకున్న జాగ్రత్త మనకుంటే బాగుండును. అదంతా పారబోశారా?”

“పారబోస్తే ఎలాగండి? ఇక్కడే అమ్మేశాం.” గంగరాజు కాస్త మొహమాటపడ్డాడు. “మీ ఇంటికి రెండు కిలోలు పంపిస్తే, బాగున్నాయని ఇంకో రెండు తెప్పించుకున్నారు కదండి.”