రెక్క మీద పసుపు

రెక్కలకి పగుళ్ళు వస్తున్నాయని అధికారులు ఈ రకం గాలిబస్సుల్ని ఆపేసినప్పటి నుంచి పాడేరు డిపోలో ఆరు బస్సులూ కదలలేదు. వాటి రెక్కల మీద చుట్టుపక్కల ఆడవాళ్ళు ఉడికించిన పసుపు కొమ్ములు ఎండబెట్టుకుంటున్నారు.

నలభయ్యో రోజున నిషేధం ఎత్తేశారు. మేనేజరు రఘురామ్ చేతిలోని తనిఖీ యంత్రం తెర మీద పచ్చదీపం చూపించాడు.

"అన్నీ బాగున్నాయట. సంతకం పెట్టు పైడితల్లీ. పదింటికి విశాఖ బస్సు."

మెకానిక్ పైడితల్లి కుమ్మరింటి పిల్ల. పసుపు పక్కకి జరిపి, కుండ కొనేవాళ్ళు కొట్టి చూసినట్టు ఆ బస్సు రెండు రెక్కల మొదట్లో వేలి కణుపుతో కొట్టింది. కుడి రెక్క ఖంగుమంది. ఎడమది బొంగురుగా పలికింది.

"పగులుంది సార్. నాను సంతకం ఎట్టను."

"యంత్రానికి కనపడనిది నీ వేలికి తెలిసిందా?"

"పగిలిన కుండని మాయమ్మ ఒక్కరికీ అమ్మలేదండి. నాను ఇందులో మనుషుల్ని ఎక్కించాలా?"

"ఉద్యోగం పోతుంది."

"పోనీండి. మీరే సంతకం ఎట్టండి. ఎట్టి, ముందు సీట్లో కూకోండి."

రఘురామ్ కలం తీశాడు. ఎడమ రెక్క వంక చూశాడు. కాసేపటికి కలం మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు.

నిషేధం ఎత్తేశారని విని, పసుపు తీసుకుపోవడానికి ఆడవాళ్ళు గంపలతో వచ్చారు. పైడితల్లి వాళ్ళకి అడ్డం నిలబడింది.

"ఎత్తకండే. ఇంకా ఎండాల."