అవ్వ వచ్చింది

"సుధమ్మా, మైకు తలకిందులుగా పట్టుకోనుండావు," అన్నాడు డ్రైవర్ కుళ్లాయప్ప.

గైడు సాయిసుధ నాలుక కరుచుకుని మైకు తిప్పి పట్టుకుంది.

పొద్దున హిందూపురంలో టూరు బస్సు కదిలినప్పటి నుంచీ ఇదే వరస. కాలుగాలిన పిల్లిలా ఒకచోట నిలవడం లేదు. లేపాక్షిలో వేలాడే స్తంభం కింద ఎవరినీ గుడ్డముక్క కూడా దూర్చి చూడనివ్వలేదు. నంది చుట్టూ ఒకసారి తిరిగొస్తానన్న ముసలి యాత్రికుడు నరసప్పను కూడా ఆపేసింది.

"నంది యాడికీ పోదులే పెద్దాయనా. ఇంగోసారి చూడొచ్చు."

"నంది పోదు సరే. నువ్వెందుకమ్మా అట్ల పరిగెత్తుతాండావు?"

ఏమని చెబుతుంది? పెనుకొండ గగనమహలు దగ్గరికి అమ్మ వస్తోందని చెబుతుందా?

కన్నతల్లి ముఖం ఎలా ఉంటుందో కూడా సాయిసుధకు తెలియదు. నాయన సరిహద్దు అవతలి మధుగిరి దిక్కు నుంచి ఇష్టపడి తెచ్చుకున్న పిల్లను, నాయన తల్లి, అవ్వ కొండమ్మ ధర్మవరంలోని మగ్గాలింట్లోంచి మెడపట్టి గెంటేసింది. సాయిసుధ అప్పటికి చంటిపిల్ల. నాయన బతికినన్నాళ్లూ ఆ ఊసెత్తలేదు. పోయేముందు మాత్రం "మీ అమ్మది మధుగిరి దిక్కు పాపా" అన్నాడు.

ఆ ఒక్కమాట పట్టుకుని, ఆ రూట్లో తిరిగే బస్సు కండక్టర్ ఎల్లప్ప కాళ్లావేళ్లా పడింది. పాపం, ఆయన ఊరూరా అడిగి చివరికి కబురు తెచ్చాడు.

"ఆదివారం పెనుకొండకొస్తాదంట మీయమ్మ. ఒగే ఒగసారి వస్తాదంట. బిడ్డ చూడనంటే మళ్లీ ఆ దిక్కు తొక్కనని చెప్పమనింది."

చూడననడమా! చూడాలనే కదా ఇన్నాళ్లూ ఏడ్చింది!

ఈ సంగతి ఎవరు ఊదారో ఏమో, కొండమ్మ చెవిలో పడింది. నిన్న ఫోన్లో ఒకటే అరుపులు.

"నేనూ వస్తా. మీరిద్దురూ ఎట్ల కలుస్తారో చూస్తా!"

సాయిసుధ భయమంతా అదే. అమ్మ ఇంకోసారి గెంటించుకుని పోకూడదు.

గగనమహలు మెట్లెక్కింది. మేడ మీద నుంచి రోడ్డు కనిపిస్తుంది. నోటితో రాయలవారి కథ చెబుతూ, కళ్లతో దారినపోయే ప్రతి ఆడమనిషినీ వెతికింది.

కుళ్లాయప్ప రొప్పుతూ పైకొచ్చాడు.

"సుధమ్మా, బస్సు దగ్గరికి ఒకాయమ్మ వచ్చిండాది."

సాయిసుధ మైకు దించేసింది. "ఎవరంట మామా?"

"'పాపకు చెప్పు, అవ్వ వచ్చిందని' అనింది. అంతే."

"ఎట్లుండాది?"

"తలంతా నెరిసిపోయిండాది. మనిషి వడిలిపోయిండాది."

సాయిసుధ ఒళ్లంతా మండిపోయింది. అన్నంత పనీ చేసింది ముసల్ది! అమ్మ రాకముందే కాపు కాయడానికి వచ్చింది!

"ఈ జన్మలో ఆ మొగం చూడనని చెప్పు. ఇప్పుడే, ఈ నిమిషమే పొమ్మను."

"ఎండనబడి వచ్చిండాది పాపా. కిందికి దిగి ఒగమాట..."

"నీకు తెలీదు మామా! నిలబడితే నేనే వచ్చి గెంటుతానని చెప్పు!"

కుళ్లాయప్ప తలగోక్కుంటూ దిగిపోయాడు.

ఆమె మైకు అందుకుని తిమ్మరుసు కథ ఎత్తుకుంది. అప్పాజీ అని నోరారా పిలిచిన మంత్రినే రాయలు అనుమానించి కళ్లు తీయించాడని, ఈ పెనుకొండలోనే బందీ చేశాడని చెప్పుకుంటారు.

"పిలిచి ఒగమాట అడిగుంటే ఏం పోయింటాదమ్మా రాజుకు?" అన్నాడు నరసప్ప బాధగా.

"కోపమొచ్చినోళ్లకు అడిగే ఓపిక యాడుంటాది పెద్దాయనా," అంది సాయిసుధ, రోడ్డు వైపే చూస్తూ.

కుళ్లాయప్ప ఒక గుడ్డసంచితో తిరిగొచ్చాడు.

"పోయింది. గొడవ చేస్తాదేమో అనుకుంటి, ఏమీ చేయలే. 'సరే, పాప సల్లగుండనీ' అనింది. పోయే బస్సును ఆపి ఎక్కేసింది. ఇది నీకిమ్మనింది."

సంచిలో బెల్లం, పప్పు పూర్ణం పెట్టిన ఓళిగలు. ఇంకా వెచ్చదనం పోలేదు.

"అబ్బో, ఇప్పుడు పుట్టుకొచ్చిందా ప్రేమ! నాకొద్దు. పిల్లోళ్లకు పంచు మామా."

ఓళిగలు పంచేశారు. పొద్దు వాలుతోంది. అమ్మ మాత్రం రాలేదు.

"ధర్మవరంలో పట్టుచీరల అంగళ్లు మూసేస్తారమ్మా. ఇంగెంతసేపు?" అని ఆడవాళ్లు గొణుగుతున్నారు.

"కొంచెంసేపు. ఒగే కొంచెంసేపు," అని బతిమాలింది సాయిసుధ. ముసలామె అడ్డం కూడా తొలగిపోయింది కదా, ఇక రావడానికేం? బస్సు తప్పిందేమో. దారి తెలియలేదేమో. వచ్చాక మొదట ఏం మాట్లాడాలి? అన్నం తిన్నావా అని అడగాలి.

ఇంతలో దబ్బుమని చప్పుడు. ఓళిగ పట్టుకుని పరిగెత్తుతున్న ఒక బుడతడు మెట్ల మీద బోర్లాపడ్డాడు.

"అవ్వా! అవ్వా!" అని ఆరున్నొక్క రాగం అందుకున్నాడు.

సాయిసుధ పరుగున వెళ్లి వాణ్ణి ఎత్తుకుంది.

"ఏడవద్దు నాయనా. ఎవరప్పా వీళ్లవ్వ? ముసలామె యాడుండాది?"

ముసలాళ్లెవరూ కదల్లేదు. పొద్దున హిందూపురంలో భర్తతో బస్సెక్కిన పడుచుపిల్ల మాత్రం చెప్పులు చేత పట్టుకుని ఉరుక్కుంటూ వచ్చింది. పిల్లవాణ్ణి అందుకుని మోకాలి మీద దుమ్ము తుడిచింది.

"వీళ్లవ్వ కోసం ఏడుస్తాండాడమ్మా," అంది సాయిసుధ.

ఆ పిల్ల సిగ్గుపడుతూ నవ్వింది.

"నేనే మేడం. మా మధుగిరి దిక్కు కన్నతల్లినే అవ్వ అంటాము."